65 నిండబోతున్నవారికి: మెడికేర్ ఏజెంటు ఎవరి పక్షాన ఉన్నారో తెలుసుకోవడం ఎలా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుందాం. వచ్చే మార్చిలో మీకు 65 ఏళ్లు నిండి, అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు అర్హత వస్తుంది, ఆ నెలాఖరుకే ఉద్యోగం వదులుతున్నారు, మీ శ్రీమతిగారికి 62. గుడిలో జరిగిన సదస్సులో కలిసిన ఏజెంటు ప్రీమియం సున్నా అని చెప్పి అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్‌ను ఒక ప్రైవేటు కంపెనీ ద్వారా, సాధారణంగా దాని నెట్‌వర్క్‌లోని డాక్టర్లతో పొందే పద్ధతి) తీసుకోమన్నారు. మీ స్నేహితుడు పరిచయం చేసిన మరొక ఏజెంటు మెడిగ్యాప్ (మామూలు మెడికేర్ చెల్లించని వాటాను భరించే ప్రైవేటు బీమా) ప్లాన్ జి తప్ప ఇంకేదీ చూడవద్దన్నారు. ఏడాదికి మూడు నాలుగు నెలలు ఇండియాలో గడపాలని మీ ఉద్దేశం. ఎవరి పక్షమూ వహించని ఏజెంటు ఎక్కడ దొరుకుతారని అడిగారు.

నేను తొమ్మిదేళ్లు లైసెన్సు పొందిన ఏజెంటుగా మెడికేర్ ప్లాన్లు అమ్మాను. తరువాత ఆ లైసెన్సు వదులుకుని, గత ఐదేళ్లుగా రాష్ట్ర ప్రభుత్వ సలహా కార్యక్రమంలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. అమ్మిన అనుభవమూ ఉంది, ఏమీ అమ్మకుండా సలహా చెప్పిన అనుభవమూ ఉంది. ఆ రెంటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఒకటే. పూర్తి నిష్పక్షపాతి అయిన ఏజెంటు కోసం వెతకడం కంటే, ఏజెంటుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఎక్కడి నుంచి రాదో తెలుసుకుని, ఆయనకు డబ్బు రాని విషయాలను మరొకరి దగ్గర తేల్చుకోవడం మేలు. ఏజెంట్లు మోసగాళ్లని నేను అనడం లేదు. నాకు తెలిసినవారిలో చాలామంది మంచివాళ్లే. కానీ ఎంత మంచివాడైనా తన సంచిలో లేని సరుకును మీకు చూపించలేడు.

డబ్బు సంగతి వివరంగా చూద్దాం, ఎందుకంటే ఎవరూ తమంత తాముగా చెప్పేది కాదు. అడ్వాంటేజ్ ప్లాన్‌లో కొత్తగా ఒక మనిషిని చేర్పిస్తే ఏజెంటుకు ఇవ్వదగిన గరిష్ఠ కమిషన్‌ను మెడికేర్‌ను నడిపే సీఎంఎస్ సంస్థ ఏటా ప్రకటిస్తుంది. 2025లో అది చాలా రాష్ట్రాల్లో 626 డాలర్లు, కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో 780 డాలర్లు. ఆ మనిషి ప్లాన్‌లో కొనసాగినంతకాలం ప్రతి సంవత్సరం అందులో సగం వరకు వస్తుంది. విడిగా అమ్మే పార్ట్ డి మందుల ప్లాన్‌కు అదే ఏడాది గరిష్ఠ కమిషన్ 109 డాలర్లు మాత్రమే. మెడిగ్యాప్ మీద ఈ పరిమితి లేదు. అక్కడ ప్రీమియంలో ఒక శాతంగా బీమా కంపెనీ కమిషన్ ఇస్తుంది. నెలకు 150 డాలర్ల ప్రీమియం, 20 శాతం కమిషన్ అనుకుంటే ఏడాదికి 360 డాలర్లు. మీ కంపెనీ ఇచ్చే రిటైరీ బీమాలోనే మీరు ఉండిపోతే ఏజెంటుకు ఒక్క డాలరు కూడా రాదు.

ఈ అంకెలలో గమనించవలసిన విషయం ఒకటుంది. అన్ని కంపెనీల అడ్వాంటేజ్ ప్లాన్లకూ ఒకే పరిమితి ఉంది కాబట్టి, ఈ కంపెనీదా, ఆ కంపెనీదా అన్న దగ్గర ఏజెంటుకు పెద్దగా తేడా ఉండదు. అసలు తేడా అడ్వాంటేజా, మెడిగ్యాపా, రిటైరీ బీమాయా అన్న మొదటి మెట్టు దగ్గర ఉంది. మీ ఆరోగ్యాన్నీ ఖర్చునూ జీవితాంతం ప్రభావితం చేసే నిర్ణయం కూడా సరిగ్గా అదే. అందువల్ల కంపెనీని ఎంచుకోవడానికి ఏజెంటు సాయం ఎంతైనా తీసుకోండి, ఆ మొదటి మెట్టు మాత్రం కమిషన్ లేని మనిషితో కూర్చుని నిర్ణయించుకోండి.

ఆ నిర్ణయం ఎందుకు అంత బరువైనదో నా వల్ల జరిగిన ఒక పొరపాటు చెబితే అర్థమవుతుంది. ఏజెంటుగా నా మూడో సంవత్సరంలో, అప్పుడే రిటైరైన ఒక పెద్దాయనను అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేర్పించాను. నెలకు ప్రీమియం లేదు, పళ్లకూ కళ్లద్దాలకూ కొంత డబ్బు వస్తుంది, ఆయన వెళ్లే డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నారు. ఆయన సంతోషించారు, నేనూ సంతోషించాను. నాలుగేళ్ల తరువాత ఆయనకు క్యాన్సర్ వచ్చింది. పిల్లలు ఎంచిన పెద్ద ఆసుపత్రి ఆ ప్లాన్ నెట్‌వర్క్‌లో లేదు. ఇప్పుడు మెడిగ్యాప్‌కు మారవచ్చా అని ఆయన నన్ను ఫోనులో అడిగారు. దరఖాస్తులో ఆరోగ్య ప్రశ్నలుంటాయి, మొదటి ప్రశ్న దగ్గరే తిరస్కరిస్తారు అని చెప్పవలసి వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "ఈ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది బాబూ" అని మాత్రం అన్నారు. నేను అబద్ధం చెప్పలేదు, ప్లాన్ పత్రంలో ఉన్నదంతా చదివి వినిపించాను. పత్రంలో లేనిది, అంటే దారి ఒకసారి మూసుకుంటే మళ్లీ తెరుచుకోకపోవచ్చన్నది, చెప్పలేదు.

నియమం ఇది. 65 నిండి పార్ట్ బి (డాక్టర్ల ఖర్చులు చూసే మెడికేర్ భాగం) మొదలైన నెల నుంచి ఆరు నెలలపాటు ఏ మెడిగ్యాప్ కంపెనీ అయినా మీ ఆరోగ్య చరిత్ర అడగకుండా, ఎక్కువ ధర వేయకుండా మిమ్మల్ని చేర్చుకోవాలి. ఆ గడువు దాటితే చాలా రాష్ట్రాల్లో ఆరోగ్య ప్రశ్నలకు జవాబు చెప్పి అర్హత సంపాదించుకోవలసిందే. న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్ రాష్ట్రాల్లో ఈ విషయంలో కొనుగోలుదారుకు రక్షణ ఎక్కువ. మొదటిసారి అర్హత రాగానే అడ్వాంటేజ్‌లో చేరినవారికి తొలి 12 నెలల లోపు వెనక్కి వచ్చి మెడిగ్యాప్ తీసుకునే హక్కు కూడా ఉంది. మీకు మార్చి 1న పార్ట్ బి మొదలైతే ఆగస్టు చివరి వరకు ఆ ఆరు నెలల తలుపు తెరిచి ఉంటుంది. ఏజెంటు నిజాయితీని తూచడానికి నాకు తెలిసిన మొదటి రాయి ఇదే: అడ్వాంటేజ్ గురించి చెప్పేటప్పుడు ఈ ఆరు నెలల సంగతి మీరు అడగకుండానే చెప్పారా లేదా?

మెడిగ్యాప్ పక్షాన మాట్లాడిన ఆ రెండో ఏజెంటుకూ ఇదే తూకం వర్తిస్తుంది. ప్లాన్ జి మంచిదే. పార్ట్ బి డిడక్టిబుల్ (ఏటా ముందుగా మీ చేతి నుంచి పెట్టుకోవలసిన మొత్తం, 2025లో 257 డాలర్లు) మీరు కట్టుకున్న తరువాత, మెడికేర్ చెల్లించని 20 శాతాన్ని అది భరిస్తుంది. మెడికేర్‌ను తీసుకునే ఏ డాక్టరు దగ్గరికైనా దేశమంతటా వెళ్లవచ్చు. కానీ దాని ప్రీమియం ఏటా పెరుగుతుంది, మందులకు విడిగా పార్ట్ డి కొనాలి, పళ్లకూ కళ్లకూ ఏమీ రాదు. పైగా ప్లాన్ పేరులోని అక్షరం ఒకటైతే ప్రయోజనాలు ఏ కంపెనీ దగ్గరైనా ఒక్కటే. మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో మాత్రం ప్లాన్ల పద్ధతి వేరు. కాబట్టి "మా కంపెనీ ప్లాన్ జి ఇంకా మంచిది" అన్న మాట వినిపిస్తే అనుమానించండి. తేడా ఉండేది ప్రీమియంలోనూ, అది పెరిగే వేగంలోనూ. గత కొన్నేళ్లలో ఈ ప్రీమియం ఎంత శాతం చొప్పున పెరిగిందో రాసి ఇమ్మనండి. మొదటి ఏడాది తక్కువకు చూపించి, తరువాత పెంచుకుంటూ పోయే కంపెనీలు ఉంటాయి. అప్పటికి మీ ఆరోగ్యం మారి ఉంటే మరో కంపెనీకి పోలేకపోవచ్చు.

కమిషన్ లేని మనిషి ఎక్కడ దొరుకుతారన్నదానికి జవాబు సులువే. ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అని పిలిచే ఉచిత సలహా కార్యక్రమం ఉంది. 1990లో చేసిన ఒక ఫెడరల్ చట్టంతో ఇది మొదలైంది. కొన్ని రాష్ట్రాల్లో పేరు మారుతుంది: కాలిఫోర్నియా, టెక్సస్‌లలో హైక్యాప్ అంటారు, ఫ్లోరిడాలో షైన్ అంటారు. మెడికేర్ ఫోన్ నంబరుకు చేసి మీ రాష్ట్రం పేరు చెబితే కలుపుతారు. ఇక్కడ కూర్చునేవారు ఏదీ అమ్మరు, అమ్మకూడదు. అయితే వారి పరిమితులూ తెలుసుకోండి. "ఈ కంపెనీ తీసుకో" అని చేయి చూపి చెప్పరు, మీ తరఫున సంతకం పెట్టి దరఖాస్తు నడిపించే బాధ్యత తీసుకోరు. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 వరకు ఏటా ప్లాన్లు మార్చుకునే కాలంలో అపాయింట్‌మెంటు దొరకడం కష్టం. మీది మార్చి కాబట్టి డిసెంబరు రెండో వారం తరువాత తీరిగ్గా దొరుకుతుంది. తెలుగులో మాట్లాడాలనుకుంటే ముందే చెప్పండి, దుబాసీని ఏర్పాటు చేయమని అడగవచ్చు.

షిప్ దగ్గర మొదటి మెట్టు తేలాక ఏజెంటు దగ్గరికి వెళ్లండి. అప్పుడు మీకు ఏజెంటు నిజంగా ఉపయోగపడతారు. క్లెయిమ్ చిక్కుపడితే, కార్డు రాకపోతే, మరుసటి ఏడాది ప్లాన్ మారితే ఫోను చేసి మాట్లాడే మనిషి ఒకరు ఉండటం చిన్న సౌకర్యం కాదు. మీరు నేరుగా కొన్నా ప్రీమియం తగ్గదు కాబట్టి, ఆ సేవను వదులుకోవడం వల్ల మీకు మిగిలేదీ లేదు.

ఒకే కంపెనీకి కట్టుబడిన ఏజెంటును మొదటే పక్కన పెట్టండి. అనేక కంపెనీల ప్లాన్లు అమ్మే స్వతంత్ర ఏజెంటును చూసుకోండి. "స్వతంత్రం" అన్న మాటను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మవద్దు. రెండు కంపెనీలకు అమ్మేవారూ స్వతంత్రులే, పన్నెండింటికి అమ్మేవారూ స్వతంత్రులే. నిబంధనల ప్రకారం, మీ ప్రాంతంలోని ప్లాన్లన్నీ అమ్మని ఏజెంటు ఆ సంగతి చెప్పి, తాను ఎన్ని సంస్థల తరఫున ఎన్ని ప్లాన్లు అమ్ముతున్నారో, మిగతా వాటి గురించి మెడికేర్‌ను అడగవచ్చనీ మీకు తెలియజేయాలి. చాలామంది దీన్ని మందుల ప్రకటన చివర గబగబా చదివే హెచ్చరికలాగా చదివేస్తారు. అక్కడ ఆపి, "మా కౌంటీలో మొత్తం ఎన్ని ప్లాన్లు ఉన్నాయండీ, అందులో మీరు అమ్మనివి ఏవి?" అని అడగండి. తాను అమ్మని రెండు మూడు ప్లాన్ల పేర్లు తడుముకోకుండా చెప్పగలిగిన ఏజెంటును నేను సగం నమ్ముతాను. పార్ట్ డి విషయంలో ఈ ప్రశ్న మరీ అవసరం. ఈ మధ్య కొన్ని కంపెనీలు కొన్ని మందుల ప్లాన్లకు కమిషన్ ఇవ్వడం మానేశాయి. కమిషన్ లేని ప్లాన్ ఏజెంటు కంప్యూటరు తెర మీద కనిపించకపోయినా, మెడికేర్ సొంత వెబ్‌సైటులో తప్పక కనిపిస్తుంది.

లైసెన్సు చూసుకోవడం రెండు నిమిషాల పని. రాష్ట్ర బీమా శాఖ వెబ్‌సైటులో పేరు కొడితే లైసెన్సు అమలులో ఉందో లేదో, ఏవైనా క్రమశిక్షణ చర్యలు ఉన్నాయో తెలుస్తుంది.

ఇక ఏజెంటు మీ ఇంటికి వచ్చిన రోజు ఏం జరగాలో చెబుతాను. మీ మందుల సీసాలన్నీ తెచ్చి బల్ల మీద వరుసగా పెట్టండి, పేర్లు నోటితో చెప్పవద్దు. పనితనం ఉన్న ఏజెంటు ఒక్కొక్క సీసా చేతిలోకి తీసుకుని, మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, ఏ ఫార్మసీలో కొంటున్నారు అన్నవి రాసుకుంటారు. ఒకే మందు మాత్ర రూపంలో ఒక ధర, క్యాప్సూల్ రూపంలో మరో ధర పడవచ్చని వారికి తెలుసు. మీ డాక్టర్ల పేర్లు అడుగుతారు, డైరెక్టరీలో చూస్తారు, అంతటితో ఆగకుండా ఆ డాక్టరు బిల్లింగ్ విభాగానికి మీ ఎదుటే ఫోను చేసి, "వచ్చే ఏడాది కూడా ఈ ప్లాన్‌తో ఒప్పందం ఉందా?" అని అడుగుతారు. డైరెక్టరీలు తరచు పాతబడి ఉంటాయి. ఇవేవీ చేయకుండా పది నిమిషాల్లో ప్లాన్ పేరు చెప్పేశారంటే, ఆ పేరు ఆయన కారు దిగకముందే నిర్ణయమైందన్నమాట.

ఆ రోజు ఏయే ప్లాన్ల గురించి మాట్లాడవచ్చో తెలిపే చిన్న పత్రం మీద సంతకం తీసుకుంటారు. దానికి కంగారు పడవద్దు, అది కొనుగోలు ఒప్పందం కాదు.

తరువాత, ఏజెంటుకు పైసా రాని ప్రశ్నలు మూడు అడగండి. ఏజెంటు లోతు, నిజాయితీ రెండూ వాటితో బయటపడతాయి.

మొదటిది: "ఉద్యోగం మానేశాక కోబ్రా అనే చట్టం కింద పాత కంపెనీ బీమా కొనసాగిస్తే, పార్ట్ బి ఆలస్యంగా తీసుకోవచ్చా?" సరైన జవాబు, వద్దు అన్నదే. ఉద్యోగంలో ఉన్నంతకాలం ఉన్న బీమాను మాత్రమే మెడికేర్ లెక్కలోకి తీసుకుంటుంది, కోబ్రానూ రిటైరీ బీమానూ తీసుకోదు. గడువు తప్పితే ఆలస్యమైన ప్రతి 12 నెలలకూ పార్ట్ బి ప్రీమియం మీద 10 శాతం చొప్పున జరిమానా, అదీ జీవితాంతం. బాగా చదువుకున్నవారు కూడా పప్పులో కాలు వేసేది ఇక్కడే.

రెండవది: "నా పార్ట్ బి ప్రీమియం ఎంత పడుతుంది?" మామూలు ప్రీమియం (2025లో అది నెలకు 185 డాలర్లు) చెప్పి ఊరుకుంటే అది సగం జవాబే. రెండేళ్ల కిందటి ఆదాయం ఒక గీత దాటి ఉంటే ప్రీమియం పెంచుతారు. 2025లో దంపతులకు ఆ గీత 212,000 డాలర్ల దగ్గర ఉండేది. రిటైర్మెంటు వల్ల ఆదాయం పడిపోయిందని సోషల్ సెక్యూరిటీ వారికి ఎస్‌ఎస్‌ఎ-44 అనే ఫారం పెట్టుకుంటే తగ్గించే వీలుంది. ఈ ఫారం సంగతి తెలిసిన ఏజెంటు మీ గురించి ఆలోచించినట్టే.

మూడవది మీ ఇండియా ప్రయాణం. మామూలు మెడికేర్ దేశం బయట వైద్యానికి దాదాపు ఏమీ చెల్లించదు. ప్లాన్ జి వంటి మెడిగ్యాప్ ప్లాన్లు ప్రయాణం మొదలైన తొలి 60 రోజుల్లో వచ్చిన అత్యవసర వైద్యానికి, 250 డాలర్ల డిడక్టిబుల్ పోగా 80 శాతం ఇస్తాయి, జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. మీరు మూడు నాలుగు నెలలు ఉంటానంటున్నారు కాబట్టి మూడో నెలలో జరిగేదానికి అది పనికిరాదు, విడిగా ప్రయాణ బీమా కావాలి. అడ్వాంటేజ్‌లో కొన్ని ప్లాన్లు విదేశీ అత్యవసరాలకు కొంత ఇస్తాయి కానీ, సాధారణంగా ఆరు నెలలకు మించి ప్రాంతం వదిలి ఉంటే ప్లాన్ నుంచే తీసేస్తారు. "ఇండియాకా, ఏం పర్లేదండీ, అంతా కవరవుతుంది" అన్న మాట వినబడితే టీ ఇచ్చి పంపించేయండి.

మీ కంపెనీ రిటైరీ బీమా ఇస్తున్నట్టయితే ఇంకొక జాగ్రత్త ఉంది. బయటి అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరగానే ఆ రిటైరీ బీమా రద్దు కావచ్చు, దానితోపాటు మీ శ్రీమతిగారిదీ పోవచ్చు, కొన్ని కంపెనీలు మళ్లీ చేర్చుకోవు. సంతకం పెట్టేముందు కంపెనీ ప్రయోజనాల విభాగానికి మీరే ఫోను చేసి, జవాబును ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఏజెంటు మాట మీద ఆధారపడవలసిన విషయం కాదిది.

గుడి సదస్సు గురించి ఒక మాట చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. మనవాళ్లలో ఏజెంటును ఎంచుకునే పద్ధతి చాలావరకు మొహమాటం మీద నడుస్తుంది. మన ఊరివాడు, మన అసోసియేషన్‌లో ఉన్నాడు, పిల్లలు కలిసి సంగీతం నేర్చుకున్నారు అని సంతకం పెట్టేస్తాం, తరువాత ప్లాన్ సరిపడకపోయినా మార్చుకుంటే ఏమనుకుంటాడో అని అందులోనే ఉండిపోతాం. తెలుగు తెలిసిన ఏజెంటు ఉండటం, ముఖ్యంగా ఇంగ్లీషులో ఇబ్బంది పడే పెద్దవాళ్లకు, గొప్ప సౌకర్యమే. అది పరిచయానికి కారణం కావాలి గానీ, ప్రశ్నలు అడగకపోవడానికి కారణం కాకూడదు. సదస్సుల విషయంలో సీఎంఎస్ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. అవగాహన సదస్సు అని పిలిచినచోట ఫలానా ప్లాన్ మంచిదని చెప్పకూడదు, ప్లాన్లు అమ్మే సభలో భోజనం పెట్టకూడదు. పులిహోర, పెరుగన్నం వడ్డించి, చేతిలో దరఖాస్తు పెట్టారంటే రెంటిలో ఒక నియమం తప్పినట్టే. పిలవకుండా ఇంటి తలుపు తట్టినా, ముందు అనుమతి లేకుండా ఫోను చేసినా అంతే.

మీ శ్రీమతిగారి సంగతి మీ ఇద్దరు ఏజెంట్లూ ఎత్తినట్టు లేరు. ఆమెకు మెడికేర్ రావడానికి ఇంకా మూడేళ్లుంది. మీ ఉద్యోగ బీమా పోయిన రోజు నుంచి ఆమెకు విడిగా బీమా కావాలి. మార్కెట్‌ప్లేస్‌లో (ఎవరి బీమా వారు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఏర్పాటు చేసిన చోటు) చేరడానికి బీమా పోయాక 60 రోజుల గడువు ఉంటుంది, ముందే దరఖాస్తు పెడితే మధ్యలో ఖాళీ రాదు. ఆమెకు కోబ్రా కూడా ఒక దారే. మీ విషయంలో పనికిరాని కోబ్రా ఆమె విషయంలో పనికిరావచ్చు. మెడికేర్ మాత్రమే అమ్మే ఏజెంటుకు ఇందులో ఆసక్తి ఉండదు కాబట్టి, షిప్ అపాయింట్‌మెంటుకు ఆమెను కూడా వెంట తీసుకువెళ్లండి, రెండు సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నులు, మందుల జాబితా, కంపెనీ బీమా ఏ తేదీన ముగుస్తుందో చెప్పే ఉత్తరం దగ్గర ఉంచుకోండి. డిసెంబరు నుంచి జూన్ వరకు ఏడు నెలలు మీకు మెడికేర్‌లో చేరే కాలమే అయినా, మార్చి 1 నుంచే మొదలు కావాలంటే ఫిబ్రవరి ముగిసేలోగా దరఖాస్తు పెట్టాలి. ఆ ఇద్దరు ఏజెంట్లలో ఎవరైనా ఈ వారమే సంతకం పెట్టమని తొందర పెడుతుంటే, ఫిబ్రవరి వరకు సమయం ఉందని మర్యాదగా చెప్పండి.